వినిర్మాణం: ‘వాదం’ అనే తోక అవసరమా?

‘వినిర్మాణవాదం’ అన్న మాట తెలుగు విమర్శలో స్థిరపడింది. నంద్యాల, ఆళ్లగడ్డల సాహిత్య మిత్రులు కూడా దీనిని ఒక ఉద్యమంగానే మాట్లాడుతుంటారు. ఉద్యమమైతే చేరాలి, లేదా ఎదిరించాలి. ధర్మాభిమానులు కొందరు రెండవదే ఎంచుకున్నారు. గ్రంథానికి అర్థమే లేదనే నాస్తిక ఉద్యమమని వారి భావన. ఇది చదవకముందే ఇచ్చిన తీర్పు.

ఈ మాటకు ప్రచారం తెచ్చిన డెరిడా (1930–2004) అల్జీర్స్ శివారున పుట్టినవాడు. 1983లో ఆయన ఈ పదాన్ని జపనీస్‌లోకి ఎలా తేవాలన్న విషయమై తొషిహికో ఇజుత్సుకు లేఖ వ్రాశాడు. ఇజుత్సు మనకు కొత్తవాడు కాడు. దివ్య ఖుర్ఆన్‌ను అరబీ నుండి నేరుగా జపనీస్‌లోకి అనువదించిన పండితుడు. ఇది విశ్లేషణ కాదు, విమర్శ కాదు, పద్ధతీ కాదు అంటాడు డెరిడా ఆ లేఖలో. హైడెగర్ వాడిన జర్మన్ పదాలను ఫ్రెంచిలోకి తెచ్చేటప్పుడు ‘విధ్వంసం’ అన్న వాసన తగలకుండా ఈ మాట ఎంచుకున్నాడట. అనువాదకుని ఇబ్బందిలోనుంచి వచ్చిన మాట అన్నమాట!

‘పద్ధతి కాదు’ అన్నది మాత్రం నాకు మింగుడుపడదు. విశ్వవిద్యాలయాల్లో బోధిస్తున్నారు, విద్యార్థులు అనుకరిస్తున్నారు. అలాంటిదాన్ని పద్ధతి అనక ఏమంటాం?

ఉద్యమం సంగతి వేరు. దిగంబర కవులు ఆరుగురు, 1965–68 మధ్య మూడు సంపుటాలు, కొత్త పేర్లు, ఒక ప్రకటన. 1970లో ఏర్పడిన విరసానికి సభ్యత్వమూ, ప్రణాళికా ఉన్నాయి. వినిర్మాణానికి ఇవేవీ లేవు. కళల్లో ఉందంటారా? 1988లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం ఏడుగురు వాస్తుశిల్పుల పనిని ఈ పేరుతోనే ప్రదర్శించింది. ఇది ఉద్యమం కాదని నిర్వాహకుడు ఫిలిప్ జాన్సనే ముందుమాటలో వ్రాశాడు. ఆళ్లగడ్డ శిల్పులందరి చేతిలోనూ ఉలి ఉంటుంది. దానిని ఉలివాదం అనడం లేదు కదా.

పేర్ల వల్ల వచ్చే చిక్కు మన భాషలదే కాదు. అరబీలో ‘తఫ్కీక్’, అంటే విడదీయడం. సౌదీ విమర్శకుడు అల్ గజ్జామీ 1985లో ‘తష్రీహియ్య’ అన్నాడు; అందులో శవపరీక్ష ఛాయ ఉన్నది. ఉర్దూలో ‘రద్దె తష్కీల్’. మదరసాలో చదివినవాడికి ‘రద్’ అనగానే ఖండన గ్రంథాలే గుర్తుకు వస్తాయి. కయ్యానికి కాలు దువ్వే మాట అది. తెలుగులో ‘వినిర్మాణం’ చాలు. ‘వాదం’ చేర్చామంటే ప్రశ్నకు జవాబు మనమే ముందుగా ఇచ్చేసినట్లు.

ఇమామ్ గజాలీ ‘తహాఫుత్’లో తత్త్వవేత్తల వాదనలను వారి సూత్రాలతోనే కూలదోశారు. ఇబ్న్ రుష్ద్ ఆ గ్రంథాన్ని ఉద్యమమని కొట్టివేయలేదు. భాగం తర్వాత భాగం ఉదహరించి, ఒక్కొక్కదానికీ సమాధానం వ్రాశారు.