మార్చుకుంటేనే నిలిచే కొయ్య గోపురాలు

రొగోజ్ ఊళ్లోని చెక్క చర్చికి ఉత్తరం వైపు చూరు మిగతా వైపులకంటే బాగా ముందుకు చాచి ఉంటుంది. వడ్రంగి కొలత తప్పాడేమో అనిపిస్తుంది. ఆ చూరు కిందికి వెళితే సంగతి తెలుస్తుంది. అక్కడ గోడ వెంట పొడవాటి బల్ల ఉంది. దాన్ని పెద్దల బల్ల అంటారు. చనిపోయినవాళ్ల పేరున కుటుంబాలవాళ్లు భోజనం పెట్టేది దాని మీదే. ఆ బల్ల తడవకూడదని ఏకంగా చర్చి కప్పునే ఒక పక్కకు చాచారు. పెద్దలకు పెట్టుకోవడం తెలిసిన మనకు ఆ చూరు వెనక ఉన్న మనసు ఇట్టే అర్థమవుతుంది.

రొగోజ్ ఉన్నది రొమేనియా ఉత్తరపు అంచున, కార్పాతియన్ కొండల్లోని మరామురేష్ సీమలో. ఇజా, మారా, కొసవు లోయల్లో ఊరు దగ్గరపడుతోందని ముందు చెప్పేది సూదిలా లేచిన నల్లటి గోపురమే. ఇలాంటి చెక్క చర్చిలు ఈ సీమలో ఇప్పటికీ సుమారు వంద మిగిలాయి. వాటిలో 8 చర్చిలను యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1717 నాటి తాతార్ల దాడిలో పాత చర్చిలు ఎన్నో కాలిపోయాయి. ఇప్పుడు మనం చూసేవాటిలో అనేకం ఆ తర్వాత లేచినవే.

వీటిని చూడబోయేవాళ్లు గోపురంతో కాకుండా పునాదితో మొదలుపెట్టాలి. కింద రాళ్ల వరస, దాని మీద బరువైన ఓక్ దూలాలు. నేల చెమ్మ కొయ్యకు ఎక్కకుండా రాయి అడ్డుపడుతుంది. ఆ పైన గొడ్డలితో చదును చేసిన దూలాలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి గోడ లేపుతారు.

ఆ తర్వాత గోడ మూల దగ్గర కాసేపు ఆగాలి. పనితనమంతా అక్కడే ఉంది. దూలం కొసను వెడల్పుగా, దాని వెనక మెడను సన్నగా, పిట్ట తోకలా చెక్కుతారు. పక్క గోడ దూలం దాన్ని కరిచిపట్టుకుంటుంది. పైనుంచి బరువు పడేకొద్దీ ఆ ముడి బిగుస్తుందే తప్ప వదలదు. అతుకు కావలసినచోట చెక్క మేకులే కొడతారు. ఇనుప మేకు తుప్పుపట్టి చుట్టూ ఉన్న కొయ్యనూ చెడగొడుతుంది. చెక్క మేకు మాత్రం దూలంతోపాటే ఉబ్బుతుంది, దూలంతోపాటే ఆరుతుంది.

గోడ పై భాగంలో దూలాలను మెట్లు మెట్లుగా బయటికి చాచి, చూరు బరువు వాటి మీద మోపుతారు. రొగోజ్‌లో ఆ కొసలను గుర్రపు తలలుగా చెక్కారు. కప్పంతా చెక్క పెంకులే. దుంగను రంపంతో కోయకుండా నార వెంట చీల్చి వీటిని తీస్తారు. నార తెగకపోతే నీరు లోపలికి ఇంకదు, జారిపోతుంది. నిటారు వాలు మీద మంచు కూడా ఎక్కువసేపు నిలవదు. షుర్దెష్ట్ చర్చి ఈ పద్ధతిలోనే నేల నుంచి 72 మీటర్ల ఎత్తుకు లేచింది. అందులో గోపురమే 54 మీటర్లు.

లోపలికి పోవాలంటే తల వంచాలి, గుమ్మం అంత పొట్టిది. ముందు గది ఆడవాళ్లది, నడిమి గది మగవాళ్లది, దాని అవతల బలిపీఠం. ఇది పాతకాలపు వరస. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక గోడల మీది బొమ్మలు తేలుతాయి. దూలాల సందుల మీద గుడ్డ పేలికలు అంటించి, వాటి మీద రంగులు వేశారు. కొయ్య కదిలినా బొమ్మ చీలకుండా అదో జాగ్రత్త. దెసెష్ట్ చర్చి బొమ్మలు 1780లో రాదు ముంతెయాను అనే చిత్రకారుడు వేసినవి. పొయెనిలె ఇజెయ్ చర్చిలో దయ్యాలు పాపులను పెట్టే చిత్రహింసలు గోడ నిండా ఉన్నాయి. చదువురాని రైతుకు ఆ గోడే పుస్తకం.

ఇయుద్ కొండ మీది చర్చి 1364 నాటిదని ఊరి నమ్మకం. దూలాల్లోని వలయాలు లెక్కగట్టినవాళ్లు అది 17వ శతాబ్దం తొలినాళ్లదని తేల్చారు. దాని అటకపైన 1921లో దొరికిన రాతప్రతి రొమేనియన్ భాషలో మిగిలిన అతి పాత రాతల్లో ఒకటి.

కొయ్య ఇన్నేళ్లు ఎలా నిలిచింది? కొయ్య శాశ్వతమని ఆ వడ్రంగులు అనుకోలేదు. విప్పి మళ్లీ కూర్చేలా, చెడిన ముక్కను తీసి కొత్త ముక్క పెట్టేలా కట్టారు. బిర్సానాలో ఒక మఠం కోసం 1720లో కట్టిన చర్చిని 1806లో ఇప్పుడున్న కొండ మీదికి మార్చగలిగారంటే కారణం అదే. పెంకులు పాడైనప్పుడల్లా మార్చాలి. అంటే తరానికి ఒకసారైనా ఊళ్లో ఎవరో ఒకరు చెట్టును ఎంచాలి, నార చూసి చీల్చాలి, గోపురం ఎక్కాలి. ఆ పని చేతికి వచ్చినవాడు ఒక్కడైనా లేకపోతే యునెస్కో పలక ఉన్నా కప్పు కురుస్తుంది. నా దృష్టిలో అసలు వారసత్వం ఆ చేతి పనే.

అందుకే యాత్రికుడు చర్చిని మాత్రమే చూసి వెళ్లిపోకూడదు. చాలాచోట్ల తలుపుకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి దగ్గర్లో ఎవరింట్లోనో ఉంటుంది. అడిగి తెప్పించుకోండి. తలుపు తీసినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడండి. వెలుతురుకు బొమ్మలు వెలిసిపోతాయి కాబట్టి ఫ్లాష్ వేయకండి. మరమ్మతుల విరాళాల పెట్టెలో తోచినంత వేయండి. బయటికి వచ్చాక ఒకసారి కప్పు వైపు చూడండి. నల్లబడిన పెంకుల నడుమ అక్కడక్కడా పచ్చటి కొత్త పెంకులు కనిపిస్తే, పాత అందం చెడిందని బాధపడకండి. ఆ పని తెలిసిన చెయ్యి ఊళ్లో ఇంకా ఉందని సంతోషించండి.