జలుబు మాత్రల సీసా

గిటారిస్టు డ్యుయేన్ ఆల్‌మన్‌కి జలుబు చేసింది. 1968లో అతని పుట్టినరోజుకి తమ్ముడు గ్రెగ్ రెండు కానుకలు తెచ్చాడట: తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి రికార్డు ఒకటి, కొరిసిడిన్ జలుబు మాత్రల సీసా ఒకటి. అన్న మాత్రలు ఒంపేసి, లేబుల్ కడిగేసి, ఖాళీ గాజుసీసాను ఉంగరపు వేలికి తొడుక్కున్నాడు. కథకి కాస్త ఉప్పూ కారం తగిలి ఉండొచ్చు గానీ సీసా మాత్రం నిజం.

గోటువాద్యం విన్న చెవికి ఆ సీసా పనితనం విడమరిచి చెప్పక్కర్లేదు. మెట్ల మీద వేలు నొక్కడం ఉండదు. తీగ మీద గాజు జారుతుంది, స్వరం జారుగా వచ్చి ఆగాల్సిన చోట ఆగుతుంది. వెంట్రుకవాసి తప్పితే అపశ్రుతే. సీసా వెనక తీగల రొదను మిగతా వేళ్లతో అణచాలి. 'స్టేట్స్‌బరో బ్లూస్' ఎత్తుకోగానే డ్యుయేన్ గిటార్ మనిషి గొంతులా కేక వేస్తుంది. నేను వందలసార్లు విన్నాను, ఇప్పటికీ అక్కడ చేతిలో పని ఆగిపోతుంది.

1969 మార్చిలో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆరుగురు కలిశారు, త్వరలోనే జార్జియాలోని మేకన్‌కి మకాం మార్చారు. అదే ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్. డ్రమ్ములకి ఇద్దరు: బుచ్ ట్రక్స్ రైలింజన్‌లా లాక్కుపోతుంటే, ఓటిస్ రెడింగ్ దగ్గర వాయించి వచ్చిన నల్లజాతి కళాకారుడు జైమో ఆ పరుగు మీద జాజ్ ముగ్గులు వేసేవాడు. ఆనాటి అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే జట్టుగా ఊరూరా తిరగడమే ఒక సాహసం.

రెండో గిటార్ డికీ బెట్స్. దాచడమెందుకు, నేను బెట్స్ పక్షం. అప్పటిదాకా రాక్‌లో రెండో గిటార్ అంటే ఎక్కువగా పక్కవాద్యమే. ఇక్కడ ఇద్దరూ ప్రధానులే. ఒకరు స-రి-గ అంటే రెండోవారు అదే క్షణాన గ-మ-ప అంటారు, రెండు గీతలూ జంటగా సాగుతాయి. బెట్స్ కట్టిన 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' వింటే ఆ జంట నడక తెలుస్తుంది. 'విప్పింగ్ పోస్ట్' ఎత్తుగడైతే పదకొండు మాత్రలు (తాళం మాత్రలే, జలుబువి కావు): తకిట తకిట తకిట తక. అది పదకొండని అన్న చెప్పేదాకా పాట కట్టిన గ్రెగ్‌కే తెలియదు! అర్ధరాత్రి కాగితం దొరక్క, కాల్చిన అగ్గిపుల్లల మసితో ఇస్త్రీ బల్ల గుడ్డ మీద రాసుకున్న పాట అది. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్మోర్ ఈస్ట్‌లో రికార్డు చేసిన కచేరీలో దాన్ని ఇరవై మూడు నిమిషాలు వాయించారు. ఒక్క నిమిషం కూడా ఊకదంపుడు లేదు, ఎందుకంటే ప్రతివాడూ పక్కవాణ్ణి వింటున్నాడు.

ఆ వినడమే ఇవాళ కరువైంది. ఆమధ్య హైదరాబాద్‌లో ఒక పబ్బుకి వెళ్లాను. కుర్రాడి వేళ్లలో వేగానికి లోటు లేదు. తోడు గిటార్ మాత్రం లాప్‌టాప్‌లోంచి వస్తోంది! ముందే రికార్డు చేసిన గిటార్‌తో సంవాదమేమిటి? గోడతో చదరంగం ఆడినట్టు. డ్రమ్మర్ ఫోన్ చూసుకుంటున్నాడు. జనం ఈలలు వేశారు. నేను బిల్లు కట్టి బయటపడ్డాను. నాయనా, ఆ లాప్‌టాప్ మూసి, ఎంత వచ్చీరానివాడైనా సరే, మనిషిని పక్కన నిలబెట్టుకోండి!

ఫిల్మోర్ రికార్డు విడుదలైన కొద్ది నెలలకే, 1971 అక్టోబర్ 29న, డ్యుయేన్ మేకన్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. మరుసటి ఏడాది నవంబర్‌లో బేస్ గిటార్ వాయించే బెర్రీ ఓక్లీ అక్కడికి మూడు వీధుల అవతల, మోటార్‌సైకిల్ మీదే పోయాడు. అతనికీ ఇరవై నాలుగే. అయినా బెట్స్ భుజాన వేసుకుని నడిపించాడు. 1973లో 'రాంబ్లిన్ మ్యాన్' అమెరికా జాబితాలో రెండో స్థానానికి ఎక్కింది.

1976లో మాదకద్రవ్యాల కేసులో తమ మనిషి మీద గ్రెగ్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు, బ్యాండ్ ముక్కలైంది. మళ్లీ కలిశారు, 1982లో మళ్లీ విడిపోయారు. 1989లో గిటారిస్టు వారెన్ హేన్స్‌ని చేర్చుకుని మూడోసారి నిలబడ్డారు. హేన్స్ దొడ్డ వాద్యకారుడు, కాదనను. కానీ 2000లో బెట్స్‌ని సాగనంపిన తీరు నాకు ఇంకా మింగుడుపడదు. ముప్ఫై ఏళ్లు ఎదురెదురుగా నిలబడి వాయించినవాడికి ఫ్యాక్స్ పంపారు! తాగుడు, తగాదాలు ఉండొచ్చుగాక, ముఖాన చెప్పలేకపోయారా?

అప్పటికే బుచ్ సోదరుడి కొడుకు డెరెక్ ట్రక్స్ చేరాడు. సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ బాణీని మనసారా విన్నవాడు. అతని వేలికీ గాజుసీసాయే. కోపంలో ఉన్న నన్ను మళ్లీ ఆ బ్యాండ్ దగ్గరికి చేర్చింది అతని జారులే.

2014 అక్టోబర్ 28న న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో ఆఖరి కచేరీ. బెట్స్ లేడు. కచేరీ సాగి సాగి అర్ధరాత్రి దాటింది, తేదీ 29కి మారింది. డ్యుయేన్ పోయిన రోజు. తాము మొట్టమొదట కలిసి వాయించిన పాట ఇదేనని చెప్పి, గ్రెగ్ 'ట్రబుల్ నో మోర్' అందుకున్నాడు.