మాటిమాటికి పడిపోవు బ్రేకరు: దోషి యెవరు?

ఇంటిలోని సర్క్యూట్ బ్రేకరు మాటిమాటికి ట్రిప్పయి పడిపోవుచున్నచో సామాన్యముగా వెలువడు తీర్పు ఒక్కటే: "ఇది చెడిపోయినది, ఇంతకంటె పెద్దది వేయించవలెను." ఎన్నడును పడిపోని బ్రేకరును మాత్రము మంచిదని మెచ్చుకొందురు. ఈ రెండు తీర్పులును విచారణ లేనివే.

1924లో జర్మనీలో హ్యూగో స్టాట్జ్ పేటెంటు పొందిన ఈ చిన్న సాధనములో రెండు కాపుదలలు కలవు. మొదటిది, వేడికి వేరువేరుగా వ్యాకోచించు రెండు లోహములను అతికించిన పట్టీ. ప్రవాహము మితిమీరి కొంతసేపు సాగినచో ఇది వేడెక్కి, వంగి, మీటను పడవేయును. రెండవది విద్యుదయస్కాంతము. తీగలు ఒకదానికొకటి తగిలి ప్రవాహము ఒక్కసారిగా పెరిగినచో ఇది క్షణములో పనిచేయును. కనుక పడిపోవుటకు పట్టిన కాలమే కారణమును తెలుపు తొలి సాక్ష్యము.

10 ఆంపియరుల బ్రేకరుపై 2000 వాట్ల గీజరును, 1500 వాట్ల కెటిలును ఒకేసారి వాడిరనుకొందము. 3500ను 230 వోల్టులచే భాగించిన సుమారు 15.2 ఆంపియరులు వచ్చును. గంట గడవకముందే బ్రేకరు పడిపోవును. ఇందు దోషము బ్రేకరుది కాదు, దానిపై మోపిన భారముది. దానిని తీసి 32 ఆంపియరులది వేసినంత మాత్రమున గోడలోని తీగ మారదు. తీగలో పుట్టు ఉష్ణము ప్రవాహపు వర్గమునకు అనులోమానుపాతములో నుండును. 10కి బదులు 32 ఆంపియరులు ప్రవహించిన ఆ ఉష్ణము పది రెట్లకు మించును. అప్పుడు బ్రేకరు ఊరకుండును. తీగపై తొడుగు కాలును.

అట్లని బ్రేకరు ఎన్నడును చెడదనుట కూడ తప్పే. ఉపకరణములన్నిటిని తీసివేసినను పడిపోవుచున్నచో ముందు తీగలను అనుమానింపవలెను. మరలు వదులైనను వేడి పుట్టి మీట పడవచ్చును. తీగలు, బిగింపులు సరిగానున్నవని తేలి, ప్రవాహము పరిమితికి లోబడియున్నను పడిపోవుచున్నచో బ్రేకరును మార్చవలసినదే. మీట నిలువకున్నను, పైభాగము కమిలినను, కాలిన వాసన వచ్చినను అంతే. ఈ పరీక్షలు పని తెలిసిన ఎలక్ట్రీషియను చేయవలసినవి. కొత్తదియు తీగకు తగిన ఆంపియరులదే కావలెను.

విద్యార్థులు చేయదగిన పరీక్ష వేరొకటి కలదు. ఒక్కొక్క బ్రేకరుపైనున్న ఉపకరణముల వాట్లను కూడి 230చే భాగించి చూచిన చాలును. పెక్కు ఇండ్లలో దోషి యెవరో కాగితముమీదనే తేలును. పడిపోవు బ్రేకరు తన కారణమును వెదకుమని హెచ్చరించుచున్నది. పడవలసినప్పుడు పడని బ్రేకరే అన్నిటికంటె ముందు మార్చదగినది.