ఒకే పేరు, రెండు హుస్నాబాద్‌లు

నా కంప్యూటర్‌లో రెండు హుస్నాబాద్‌లు ఉండేవి. ఒకే డిస్కులో, ఒకదాని కింద ఒకటి, అక్షరం తేడా లేకుండా రెండు ఫోల్డర్లు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లను కంప్యూటర్ ఉండనివ్వదు. మరి ఇవెలా ఉన్నాయి?

జవాబు ఆ చివరి పొల్లు దగ్గర ఉంది. హుస్నాబాద్ అని రాయడానికి యూనికోడ్‌లో పది సంకేతాలు కావాలి. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 30. కొన్ని తెలుగు కీబోర్డులు మాట చివర పొల్లు పడగానే, తర్వాతి అక్షరం ఒత్తుగా అతుక్కోకుండా, కంటికి కనబడని ఇంకో సంకేతాన్ని చేరుస్తాయి. దానికి మరో మూడు బైట్లు. ఫోన్‌లో కొట్టిన నా హుస్నాబాద్ 33 బైట్లు, కంప్యూటర్‌లో కొట్టింది 30. మన కంటికి ఒకే ఊరు, యంత్రానికి రెండు ఊళ్లు.

ఈ జంట పుట్టడానికి కారణం మాత్రం కీబోర్డు కాదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. నేనూ సిద్దిపేట రోజుల కొత్త ఫోటోల కోసం హుస్నాబాద్ పేరుతోనే ఇంకో ఫోల్డర్ తెరిచాను. పాతవాటిని కరీంనగర్ నాటి ఫోల్డర్ నుంచి తీసెయ్యడానికి మనసొప్పలేదు. అక్కడుంచుతూనే ఇక్కడికీ కాపీ చేశాను. ఎల్లమ్మ బోనాలు, కొత్తకొండ వీరభద్రుడి జాతర, బతుకమ్మ, అన్నీ రెండేసి చోట్ల చేరాయి. ఫోన్ మార్చిన ప్రతిసారీ బ్యాకప్ పేరుతో మూడో చోటా చేరాయి.

ఒకసారి తొందరపడి ఒక ఫోల్డర్‌లోని ఫోటోలన్నీ ఇంకోదాంట్లోకి లాగాను. ఉన్నవాటి స్థానంలో కొత్తవి పెట్టాలా అని అడిగితే సరేనన్నాను. కెమెరా ఫోటోల సంఖ్య 9999 దాటాక మళ్లీ 0001 దగ్గర మొదలవుతుంది. కొత్తకొండ జాతరలో మా బాపు నిలబడ్డ ఫోటోకూ, తర్వాతి ఏడు తీసిన బతుకమ్మ ఫోటోకూ పేరు ఒకటే. బతుకమ్మ వచ్చి బాపు మీద కూర్చుంది. బ్యాకప్‌లో ఇంకో ప్రతి ఉండబట్టి ఆ ఫోటో దక్కింది. పేరును నమ్మి ఫోల్డర్లు కలపకూడదని ఆ రోజు తెలిసింది. పేరును అసలే పట్టించుకోని పనిముట్టు కోసం వెతికితే ఎఫ్‌డూప్స్ దొరికింది.

ఆడ్రియన్ లోపెజ్ అనే ప్రోగ్రామర్ సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఇది. లినక్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోల్డర్ చూపించి, లోపలి ఫోల్డర్లలోకీ వెళ్లమని చెబితే చాలు, ఒకేలా ఉన్న ఫైళ్లను జట్లు జట్లుగా చూపిస్తుంది. దాని పనితనం అంతా ఎంత తక్కువ చదివి ఎంత కచ్చితంగా తేలుస్తుందన్న దాంట్లో ఉంది.

మొదట సైజు చూస్తుంది. అందుకు ఫైలు తెరవాల్సిన పనే లేదు, సైజు డిస్కు చిట్టాలోనే రాసి ఉంటుంది. మార్కెట్ యార్డులో సంచి మూతి విప్పకముందే తూకం వేసినట్టన్నమాట. సైజులు వేరైతే ఫైళ్లు ఒకటి కానే కావు. వేల ఫోటోల్లో చాలావరకు ఇక్కడే పక్కకు పోతాయి.

సైజు కలిసిన వాటిని తెరుస్తుంది, అదీ మొదటి 4096 బైట్ల వరకే. ఆ ముక్క నుంచి ఎండీ5 అనే లెక్కతో ఒక గుర్తు తీస్తుంది. ఈ లెక్కను రోనాల్డ్ రివెస్ట్ 1991లో తయారుచేశారు. ఎంత పెద్ద ఫైలునైనా 128 బిట్ల వేలిముద్రగా కుదిస్తుంది. రెండు పెళ్లి వీడియోల సైజు కాకతాళీయంగా ఒకటే అయినా, మొదటి ముక్కలోనే తేడా బయటపడితే మిగతా గిగాబైట్లు చదివే శ్రమ తప్పుతుంది. ముక్క గుర్తు కలిస్తేనే ఫైలంతా చదివి పూర్తి గుర్తు తీస్తుంది.

చాలామంది పనివాళ్లు ఇక్కడితో చేతులు దులుపుకునేవారు. గుర్తులు కలిశాయి, ఇంకేం కావాలి? కానీ 2004లో చైనా పరిశోధకురాలు వాంగ్ షియావోయున్ బృందం, వేర్వేరు సమాచారాలకు ఒకే ఎండీ5 గుర్తు వచ్చేలా చేసి చూపించింది. మన ఇంటి ఫోటోల్లో అలా జరగడం దాదాపు అసాధ్యం. అయినా ఎఫ్‌డూప్స్ ఆ ‘దాదాపు’ను కూడా వదలదు. చివరగా రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుని మొదటి బైటు నుంచి ఆఖరి బైటు దాకా పోల్చి చూస్తుంది. సులువైన పరీక్ష ముందు, ఖరీదైనది చివర. అన్నీ దాటినవాటినే జంట అంటుంది. నాకు ఈ వరస ఎంతో నచ్చింది.

ఇంకో సంగతి. ఒకే ఫైలుకు డిస్కులో రెండు పేర్లు పెట్టే హార్డ్ లింకు పద్ధతి ఒకటుంది. ఎఫ్‌డూప్స్ వాటిని మామూలుగా జంటగా లెక్కపెట్టదు. అక్కడున్న వస్తువు ఒకటే కాబట్టి, ఒక పేరు చెరిపినా జాగా మిగలదు. పేర్ల లెక్క వేరు, వస్తువుల లెక్క వేరని దానికి బాగా తెలుసు.

జంటలు తేల్చాక కూడా అది తనంతట తాను ఏదీ చెరపదు. చెరపడం కావాలంటే మనం విడిగా చెప్పాలి. అప్పుడూ ప్రతి జట్టు దగ్గరా, వీటిలో ఏవి ఉంచాలి అని అడుగుతుంది. అడగకుండా కానిచ్చెయ్యి అనే మార్గం ఉంది గానీ ఇంటి ఫోటోలకు దాని జోలికి పోవద్దు.

దానికి చేతకానిదీ ఉంది. వాట్సాప్‌లో పంపిన ఫోటో కుదించుకుపోయి వస్తుంది. చూడ్డానికి అదే ఫోటో, బైట్లు మాత్రం వేరు. ఎఫ్‌డూప్స్ వాటిని జంట అనదు. పోలికను బట్టి వెతకడానికి డూప్‌గురు లాంటి ప్రోగ్రాములున్నాయి, కానీ అవి చూపేవి పోలికలే, మన కన్ను కూడా పడాలి.

జంటలు పోయాక మిగిలినవి కలపడానికి ఆర్‌సింక్ వాడాను. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ 1996లో విడుదల చేసిన పనిముట్టు అది. అదే పేరుతో ముందే ఫైలు ఉంటే దాని జోలికి పోవద్దని చెప్పొచ్చు. అసలు పని చేయకుండా, చేస్తే ఏమవుతుందో ముందే చూపించమనీ చెప్పొచ్చు. ఆర్‌సింక్ అలా జోలికి పోకుండా వదిలేసిన ఫైళ్లు, అంటే పేరొకటే అయి లోపల బొమ్మ వేరైనవి, కొన్నే మిగిలాయి. వాటికి ఏడాది జోడించి కొత్త పేర్లు పెట్టాను.

జంటలు తీసేటప్పుడు మా అన్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకున్నాను. బాపు ఫోటో జట్టు వచ్చింది. ఒకటి బాపు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో, ఇంకోటి బ్యాకప్‌లో.

“చిన్నబాపూ, రెండింట్ల ఏది ఉంచాలె?”

“రెండూ ఒక్కటేనమ్మా, బైటు కూడా తేడా లేదు. నువ్వయితే ఎక్కడ దేవులాడుతవు?”

“తాత ఫోల్డర్‌ల.”

“అయితే గదే ఉంచు.”

రెండూ ఒకటేనని నాలుగు పరీక్షలు పెట్టి తేల్చడం ప్రోగ్రాం వంతు. తాత ఎక్కడుండాలో చెప్పడం మనుమరాలి వంతు. ఆ ఒక్క ప్రశ్నను మనకోసం వదిలిపెట్టినందుకే ఈ పనిముట్టంటే నాకు అంత గౌరవం.