కాన్పూరు తుక్కులోంచి సముద్రం మీదికి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి కాన్పూరు దగ్గరి చకేరీ మైదానంలో లిబరేటర్ బాంబర్లు బారులు తీరి ఉన్నాయి. నాలుగు ఇంజిన్ల అమెరికన్ విమానాలవి. లెండ్-లీజ్ ఒప్పందం కింద అమెరికా వాటిని బ్రిటన్‌కు వాడుకోమని ఇచ్చింది. యుద్ధం అయిపోయాక వెనక్కి ఇచ్చేయాలి, లేదా మళ్లీ ఎగరకుండా చేసేయాలి. అమెరికాకు అవి అక్కర్లేదు. కాబట్టి రాయల్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లు రెండో పనికే పూనుకున్నారు. ఇంజిన్లలో ఇసుక పోశారు, రేకులు చీల్చారు, చేతికందిన పరికరాలు పగలగొట్టారు. ఆ తర్వాత దేశం వదిలి వెళ్లిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే మన వైమానిక దళానికి బరువైన విమానాలు కావలసి వచ్చాయి. కొనడానికి డబ్బు లేదు, అమ్మేవాళ్లకూ తొందర లేదు. అప్పుడు బెంగళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీకి ఆ తుక్కు సంగతి చూడమని పురమాయించారు. 1948 నవంబరులో అయిదో నంబరు స్క్వాడ్రన్ లిబరేటర్లతోనే లేచింది. మొత్తం మీద నలభైకి పైగా విమానాలు బతికాయి. చితికిపోయిన విమానాన్ని కాన్పూరులో కదిలేంతవరకు బాగుచేయడం, దాన్ని దాదాపు 1500 కిలోమీటర్లు ఎగిరించి బెంగళూరు చేర్చడం, అక్కడ విప్పి పూర్తిగా సరిచేయడం, ఇదీ వరస. ఆ మధ్య మెట్టు ఎక్కినవాడు కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. నాలుగింట్లో ఏ ఇంజిన్ ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని విమానాన్ని ఒకసారి నడపడానికే గుండె కావాలి. ఆయన మళ్లీ మళ్లీ నడిపాడు.

ఈ కథ చెప్పేవాళ్లు ‘జుగాడ్’, అంటే దొరికినదాంతో ఎలాగోలా పని కానిచ్చేయడం, అనే మాట వాడి చప్పట్లు కొడుతుంటారు. నాకు ఆ మెప్పు నచ్చదు. అది పనిచేసినవాళ్ల చదువును తీసిపారేసే మెప్పు. వాల్‌చంద్ హీరాచంద్ 1940లో పెట్టిన ఆ కంపెనీ యుద్ధకాలంలో అమెరికన్ సైన్యానికి ఓవర్‌హాల్ డిపోగా పనిచేసింది. నీటి మీద దిగే కాటలినా విమానాలు బెళ్లందూరు చెరువులో వాలి రిపేరుకు వచ్చేవి. కాటలినా, లిబరేటర్ రెండూ కన్సాలిడేటెడ్ కంపెనీవే. కాటలినాకు, డకోటాకు, లిబరేటర్‌కు మూడింటికీ ఒకటే జాతి ఇంజిన్: ప్రాట్ అండ్ విట్నీ వారి ట్విన్ వాస్ప్. కాన్పూరులో తుక్కు ముందు నిలబడ్డ బెంగళూరు మెకానిక్కులకు ఆ ఇంజిన్ కొత్త కాదు. ఏళ్ల తరబడి విప్పి బిగించి చేతులకు పట్టుబడిన పని అది.

ఆ ఇంజిన్ కట్టుబడి కూడా వాళ్లకు కలిసొచ్చింది. ట్విన్ వాస్ప్‌లో 14 సిలిండర్లు రెండు వరసలుగా గుండ్రంగా అమర్చి ఉంటాయి. 1200 గుర్రాల శక్తి. కారు ఇంజిన్‌లో మాదిరి సిలిండర్లన్నీ ఒకే పోత దిమ్మలో ఉండవు. ప్రతి సిలిండరూ దేనికదే, నట్లు విప్పితే విడిగా చేతికొస్తుంది. ఒక ఇంజిన్‌లో మూడు పోతే ఆ మూడూ మార్చుకోవచ్చు. ఇంకోదాంట్లో పదకొండు పోయినా మిగిలిన మూడూ పనికొస్తాయి. విమానానికి 56 సిలిండర్లు, సిలిండరుకు రెండేసి చొప్పున 112 స్పార్క్ ప్లగ్గులు. ఇసుక పోసి చంపామనుకున్న మైదానమే విడిభాగాల గోదాము అయింది. ధ్వంసం చేసినవాళ్లు ఈ సంగతి ఆలోచించలేదు. ప్రతి విమానంలోనూ అదే ఒక్క భాగాన్ని విరగ్గొట్టి ఉంటే ఏం చేసినా లేచేవి కావు. ఇష్టమొచ్చినట్టు కొట్టారు కాబట్టి ఒకదాంట్లో పోయింది ఇంకోదాంట్లో మిగిలింది.

రేకు పని ఇంకా ఓపికది. పగిలిన అల్యూమినియం రేకు మీద అతుకు వేయబోయే ముందు పగులు ఎక్కడ ఆగిందో వెతికి, సరిగ్గా ఆ కొన దగ్గర చిన్న రంధ్రం తొలుస్తారు. పగులు కొన సూదిలా ఉంటే బలమంతా అక్కడే గుచ్చుకుని రేకు ఇంకా చీలుకుపోతుంది. గుండ్రటి రంధ్రం ఉంటే ఆ బలం చుట్టూ పంచుకుపోయి చీలిక ఆగుతుంది. ఆ తర్వాత అతుకు రేకు, దాని చుట్టూ రివెట్లు. రివెట్ కొట్టడం ఇద్దరి పని. బయట ఒకడు గన్‌తో కొడుతుంటే, విమానం లోపల ఇంకొకడు ఇనుప దిమ్మను రివెట్ తోకకు ఆనించి పట్టుకోవాలి. ఒకరికొకరు కనిపించరు, చప్పుడును బట్టే పని నడుస్తుంది. గట్టి రకం రివెట్లను కొలిమిలో కాల్చి చల్లార్చాక వెంటనే ఐసు పెట్టెలో పెడతారు. బయట ఉంచితే కాసేపట్లో గట్టిపడిపోయి, కొట్టినప్పుడు తల పగులుతాయి. చల్లదనంలో ఉన్నంతసేపూ మెత్తగా ఉంటాయి. అతుకు పడ్డాక రోజులు గడిచేకొద్దీ తమంత తామే బిగుస్తాయి.

విమానం తయారీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. లిబరేటర్ అందగత్తె కాదు. పొట్ట డబ్బాలా ఉంటుంది, తోకకు రెండు పెద్ద పలకలు. రెక్క మాత్రం చూసి తీరాల్సిందే. డేవిస్ అనే ఆయన రూపుకట్టిన రెక్క అది. కొస నుంచి కొసకు 33 మీటర్లు దాటుతుంది, వెడల్పు చాలా తక్కువ. పొడవాటి సన్నటి రెక్క గాలిని తక్కువ ప్రయాసతో కోసుకుపోతుంది. అదే పెట్రోలుతో ఎక్కువ దూరం పోవచ్చు. 1943లో అట్లాంటిక్ నడిమధ్య జర్మన్ సబ్‌మెరైన్లను వేటాడటానికి, ఏ ఒడ్డు నుంచీ విమానం అందని చోటికి లిబరేటర్ వెళ్లగలిగిందంటే ఆ రెక్క చలవే. బాంబులుండే అర తలుపులు రెక్కల్లా బయటికి తెరుచుకోవు, కిరాణా కొట్టు షట్టర్‌లా పొట్ట పక్కలకు చుట్టుకుపోతాయి. గాలికి అడ్డం ఉండదు. ఆ అర మధ్యలోంచి ముందుకీ వెనక్కీ నడవడానికి జానెడు వెడల్పు దారి ఒకటే. కాలు జారితే కింద ఉన్నది ఆ షట్టర్ రేకు, మనిషి బరువుకు అది ఆగదు.

ఇలాంటి విమానం సముద్రం మీద కాపలాకు ఎందుకో తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి చొరబడి, మన తీరం దగ్గరికొచ్చి విమానాలు వదిలేదాకా ఆ మూల దూరం చూసే కన్ను దాదాపు లేదు. దానికి రెండు రోజుల ముందే సింహళం దగ్గర జపాన్ పెద్ద దళాన్ని పసిగట్టింది కాటలినా ఒకటి. గస్తీ విమానం ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా అంత.

ఆరో నంబరు స్క్వాడ్రన్‌కు ఈ సముద్రపు గస్తీ పని కొత్తగా అప్పగించినా, చూపు పాతదే. 1942 డిసెంబరులో తిరుచిరాపల్లిలో మెహర్ సింగ్ చేతుల మీదుగా పుట్టిన ఆ దళం, హరికేన్ విమానాలతో అరకాన్ అడవుల మీద ఫొటోలు తీసి పద్నాలుగో సైన్యానికి కన్నుగా పేరు తెచ్చుకుంది. 1951లో పుణెలో మళ్లీ లేచినప్పుడు దానికి లిబరేటర్లు ఇచ్చి సముద్రం చూడమన్నారు.

సముద్రం మీద ఎగరడం ఎంత కష్టమో తెలియాలంటే పైలట్‌ను కాదు, నావిగేటర్‌ను అడగాలి. ఈ సంగతి మా బోయిన్‌పల్లిలో ఉన్నవాళ్లకు కాస్త దగ్గరిది. మా ఇళ్లకు దక్షిణాన గోడ అవతల బేగంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. నావిగేటర్లకు చదువు చెప్పే బడి అక్కడే ఉంది. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు వెళ్లిపోయాక ఆ రన్‌వే మీద చప్పుడు తగ్గింది కానీ, ఆ బడి పని మాత్రం తగ్గలేదు. పైన పోతున్న విమానాన్ని చూసి మనం నడిపేవాడి గురించే అనుకుంటాం. దారి లెక్క కట్టేవాడు వేరే ఉంటాడని చాలామందికి తోచదు.

నేల మీద అయితే ఊరో, ఏరో, రైలు పట్టాలో కనబడతాయి. నీళ్ల మీద ఏమీ ఉండదు. పక్క నుంచి గంటకు 40 కిలోమీటర్ల గాలి తోస్తోందనుకుందాం. ఆ గాలిని లెక్కలోకి తీసుకోకుండా ఎనిమిది గంటలు పోతే 320 కిలోమీటర్లు పక్కకు తేలుతాం. విశాఖలో దిగాల్సినవాళ్లం విజయవాడ మీద ఉంటాం. అందుకని నావిగేటర్ పొగ వచ్చే డబ్బాను నీళ్లలోకి వదులుతాడు. వెనక తోకలో కూర్చున్న గన్నర్ తన తుపాకీని ఆ పొగ మీదికి గురిపెట్టి, టరెట్ ఎంత తిరిగిందో కోణం చదివి చెబుతాడు. ఆ కోణంలోంచి గాలి ఎటు, ఎంత తోస్తోందో తేలుతుంది. తుపాకీని ఇలా కొలబద్దగా వాడటం నాకు ఎంతో నచ్చిన సంగతి. రాత్రయితే విమానం ముక్కు మీదుండే గాజు బుడగలోకి తల పెట్టి, సెక్స్‌టెంట్‌తో నక్షత్రాల ఎత్తు కొలవాలి. కోణంలో ఒక నిమిషం తప్పితే నీళ్ల మీద 1.85 కిలోమీటర్లు తప్పినట్టే. అదీ ఊగే విమానంలో, చలిలో, నాలుగు ఇంజిన్ల మోతలో.

ఇలా లిబరేటర్ 1968 దాకా నడిచింది. ఇరవై ఏళ్లు. పద్దెనిమిది వేలకు పైగా తయారైన ఆ రకాన్ని పుట్టినింటివాళ్లు యుద్ధం కాగానే కరిగించేశారు. సైన్యంలో ఆఖరిదాకా నడిపింది మనవాళ్లే. ఈలోగా ఎయిర్ ఇండియా వదిలేసిన సూపర్ కాన్‌స్టెలేషన్లు 1961-62లో ఆరో స్క్వాడ్రన్‌కు చేరాయి. లండన్‌కు ప్రయాణికులను మోసిన విమానాలు ఓడల జాడ వెతికే పనిలో పడ్డాయి. 1971 యుద్ధంలో ఆ గస్తీ వాటిదే. సముద్రం మీద చూపు వైమానిక దళానిదా, నౌకాదళానిదా అన్న తగువు ఏళ్ల తరబడి సాగి, 1976లో నేవీ వైపు తీర్పు వచ్చింది. మిగిలిన కాన్‌స్టెలేషన్లతో నేవీ 312 నంబరు స్క్వాడ్రన్ పెట్టుకుంది. 1988లో అదే స్క్వాడ్రన్‌కు రష్యన్ టుపొలెవ్-142 వచ్చింది. 2017 మార్చిలో విరమించిన ఆ విమానాల్లో ఒకదాన్ని ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో, కుర్సురా సబ్‌మెరైన్‌కు ఎదురుగా చూడవచ్చు. వేటగాడినీ వేటనూ ఎదురెదురుగా నిలబెట్టిన వాళ్ల చమత్కారాన్ని మెచ్చుకోవాలి. ఒక్కో ఇంజిన్‌కు ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, మొత్తం ఎనిమిది రెక్కలు. దగ్గరికెళ్లి నిలబడితే ఆ సైజే వేరు. అయితే దాన్ని తయారుచేసింది రష్యా, మనవాళ్లు బాగా చూసుకున్నారు. లిబరేటర్ సంగతి అలా కాదు. అది సగం మన చేతిదే.

సర్వీసు అయిపోయాక మన లిబరేటర్ల కోసం ప్రపంచం వరస కట్టింది. ఒకటి కెనడా మ్యూజియానికి పోయింది, బదులుగా మనకు ఒక లైసాండర్ విమానం వచ్చింది. ఒకటి అమెరికాలో అరిజోనాలోని పీమా మ్యూజియంలో ఉంది. ఇంకొకదాన్ని అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ వాళ్లు 1984లో సంపాదించి, విప్పి, 1989లో మళ్లీ ఎగిరించారు. దాని ఒంటి మీద వేసిన రంగులు, పేర్లు అన్నీ అమెరికన్ బాంబర్లవే. దాని సైనిక జీవితంలో ఎక్కువ భాగం గడిచింది భారత వైమానిక దళంలో అని ఆ రంగు చూసి ఎవరూ ఊహించలేరు. మనది ఒకటి ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉంది.

బ్రిటన్‌లో మాత్రం లిబరేటర్ ఒక్కటీ మిగల్లేదు. అన్నీ తుక్కు చేసుకున్నారు కదా. చివరికి 1974లో భారత వైమానిక దళం తను నడిపిన విమానాన్ని ఒకదాన్ని కానుకగా ఇచ్చింది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం గర్వంగా చూపించుకునే కేఎన్ 751 నంబరు లిబరేటర్ అదే.