ఓర్చుకోవడం 'కండోన్' అవుతుందా?

ఇంగ్లీషులో ఆమోదాన్ని చెప్పే క్రియలు డజనుకు పైగా ఉన్నాయి. మనం వాటన్నిటినీ 'ఆమోదించు', 'మెచ్చుకొను', 'సమర్థించు' అనే రెండు మూడు మాటల్లో కుదించేస్తాం. అనువాదాలు చదువుతున్నప్పుడు నాకు ఎప్పుడూ అసంతృప్తి మిగిల్చే విషయమిది. ఆ క్రియల మధ్య తేడా మెప్పు ఎక్కువా తక్కువా అన్నది మాత్రమే కాదు. మెచ్చేవాళ్లు ఎక్కడ నిలబడి మెచ్చుతున్నారన్నది.

'అప్రూవ్' లాటిన్ మూలంలోనే పరీక్షించి చూడటం ఉంది. అంటే పరీక్ష పెట్టే అధికారం ముందే చేతిలో ఉండాలి. 'కమెండ్' సాధారణంగా పైనుంచి కిందికి దిగుతుంది. హెడ్మాస్టరు విద్యార్థిని కమెండ్ చేస్తాడు, విద్యార్థి హెడ్మాస్టర్ని కమెండ్ చేస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. 'ఎండార్స్'లో వీపు అనే అర్థమున్న లాటిన్ మాట దాగి ఉంది, కాగితం వెనక సంతకం పెట్టడం. చెక్కు వెనక సంతకం చేసినట్టు, బాధ్యతలో తనూ పాలుపంచుకోవడం. 'అప్లాడ్'కి చప్పట్లు చాలు. స్త్రీల పుస్తకాలకు పెద్దలు రాసే ముందుమాటల్లో కమెండ్ చేసేవే ఎక్కువ, ఎండార్స్ చేసేవి తక్కువ అని నా అనుమానం. అది వేరే వ్యాసం.

నన్ను వదలని మాట 'కండోన్'. ఇది మెప్పు కాదు. తప్పని తెలిసీ, అదేం పెద్ద విషయం కాదన్నట్టు సాగనివ్వడం. ఆమోదానికి సరిహద్దులో నిలబడే క్రియ. ఇంగ్లండులో ఇది చర్చి న్యాయస్థానాల్లో నలిగి, 1857 నాటి విడాకుల చట్టంతో జనం నోళ్లలో పడింది. భాగస్వామి వ్యభిచారం తెలిసీ తిరిగి కాపురం చేస్తే కండోన్ చేసినట్టే, ఇక దాని మీద విడాకులు అడగకూడదు. అదే చట్టం కింద భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లకు పైగా వదిలేసి పోవడమో, అలాంటి మరో తప్పిదం కూడా నిరూపించాలి. ఈ వివక్ష 1923 దాకా పోలేదు.

థామస్ హార్డీ 'టెస్' నవల (1891) ఈ చట్టం నీడలోనే పుట్టింది. పెళ్లిరాత్రి ఏంజెల్ తన గతం చెబుతాడు. టెస్ వెంటనే క్షమిస్తుంది. తర్వాత ఆమె, అలెక్ వల్ల తనకు జరిగింది చెబుతుంది. క్షమ అన్నది ఇక్కడ వర్తించదంటాడతను, తాను ప్రేమించిన మనిషే ఈమె కాదంటాడు. ద్వంద్వ నీతి అని విమర్శకులు ఎప్పుడో తేల్చేశారు. నాకు ఆసక్తి క్రియ మీద. టెస్ క్షమించినప్పుడు అతని తప్పుకు ఆమె వంత పాడిందని ఎవరూ అనరు, క్షమ ఆమె విధి కనుక. అతను క్షమిస్తే మాత్రం అది తన సంతకం అయిపోతుందేమోనని భయం. అతని దృష్టిలో మగవాడి క్షమాపణ కండోన్ చేయడం కిందికి వస్తుంది.

ఈ మాట మన చట్టంలోకీ వచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ ప్రకారం క్రూరత్వం కారణంగా విడాకులు కోరేవాళ్లు దాన్ని కండోన్ చేసి ఉండకూడదు. 1975లో సుప్రీంకోర్టు దీన్ని ఒక భర్త పిటిషన్లో వివరించింది. క్షమించడం, మునుపటి స్థానం తిరిగి ఇవ్వడం, రెండూ ఉండాలి. వైవాహిక సంబంధం కొనసాగించాడు గనక ఆ భర్త కండోన్ చేసినట్టేనంది. తప్పు మళ్లీ చేస్తే పాత నేరం తిరిగి లేస్తుందనీ అంది. బాగానే ఉంది. కానీ వెళ్లడానికి మరో గడప లేక అదే మంచం మీద పడుకున్న ఆడమనిషి స్థానం ఇచ్చిందా? ఇవ్వడానికి ఆమె చేతిలో ఏ స్థానం ఉంది?

మన భాషలో దీనికి 'సర్దుకుపోయింది', 'ఓర్చుకుంది' అనే మాటలున్నాయి. రెండింటిలోనూ క్షమ లేదు, ఆమోదం అసలే లేదు. అయినా ఇంగ్లీషు కాగితంలోకి వెళ్లేసరికి అవి 'కండోన్' అయ్యే ప్రమాదం ఉంది, తిరిగి తెలుగులోకి వచ్చేసరికి 'క్షమించింది' అయి కూర్చుంటాయి. చట్టాలను తెలుగు చేసేవాళ్లు, నవలలను తెలుగు చేసేవాళ్లు, కనీసం ఈ ఒక్క చోట నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగకుండా ఉంటే బాగుంటుంది.