ప్రాథమిక పాఠశాలలో శిశుమనస్సు: బెంగ, అలక, ఉక్రోషం - నెల్లూరు మెట్టప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రాథమిక పాఠశాలలో పిల్లల మానసిక క్షేమాన్ని గురించి నేడు జరుగుతున్న చర్చ ఎక్కువగా అనువాద పరిభాషలో సాగుతున్నది. పిల్లల మనఃస్థితులను తెలిపే పదాలు తెలుగులో చాలాకాలంగా ఉన్నాయి. ఆ పదాల్లోనే పెద్దల కర్తవ్యం కూడా ఇమిడి ఉంది. చలం ‘బిడ్డల శిక్షణ’, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, మహమ్మద్ ఖదీర్ బాబుల బాల్యకథనాలు, దూబగుంట అనుభవం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: శిశుమనస్సు, ప్రాథమిక విద్య, బాల్యకథనం, మాండలికం, నెల్లూరు మెట్టప్రాంతం.

1. ఉపోద్ఘాతం:
2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లలకు భయాందోళనలు లేని చదువు అందాలనీ, తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పుకొనే వీలుండాలనీ నిర్దేశించింది. 2020 జాతీయ విద్యావిధానం సామాజిక, భావోద్వేగ అభ్యసనాన్ని పాఠశాల విద్యలో భాగంగా గుర్తించింది. చట్టం ఏది చేయకూడదో స్పష్టంగా చెప్పింది. అయితే చేయవలసిన పనిని ఉపాధ్యాయుడు ఏ మాటలతో ఆలోచించాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

కొండాపురం, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి మండలాలు నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలోనివి. ఇటువంటి ప్రాంతంలో ఒకటో తరగతి పిల్లవాడు మౌనంగా ఒక మూల కూర్చుంటే, ఉపాధ్యాయుడు అతని స్థితిని ‘భావోద్వేగ అసమతుల్యత’ అని మనసులో అనుకోడు. ‘మొండోడు’ అనో, ‘మొద్దు’ అనో అనుకొనే అవకాశమే ఎక్కువ. విధానపత్రాల భాషకూ తరగతిగది భాషకూ మధ్య ఉన్న ఈ ఖాళీ తెలుగు అధ్యాపకులు పట్టించుకోవలసినది.

2. పిల్లల మనఃస్థితిని తెలిపే పదాలు:
పిల్లల గురించి వాడే తెలుగు మాటలను రెండు వర్గాలుగా చూడవచ్చు. మొండి, పెంకి, మొద్దు, పిరికి అనేవి మొదటి వర్గం. ఇవి పిల్లవాడి స్వభావంపై పెద్దలు ఇచ్చే తీర్పులు. బెంగ, అలక, ఉక్రోషం, బెరుకు, జడుపు, చిన్నబోవడం అనేవి రెండో వర్గం. ఇవి స్వభావాన్ని కాక స్థితిని చెబుతాయి. స్థితి మారగలదు.

రెండో వర్గంలోని ప్రతి పదం వెనుక ఒక సంబంధం ఉంది. బెంగ అంటే ఉండవలసినవారు దగ్గర లేకపోవడం. అలక బుజ్జగించేవారు ఉన్నచోటనే పుడుతుంది. పరాయివారిపై ఎవరూ అలగరు. అందువల్ల ఉపాధ్యాయునిపై అలిగిన పిల్లవాడు ఆయనను తనవాడిగా అంగీకరించాడనే చెప్పాలి. ఆ అలకను అవిధేయతగా భావించి శిక్షిస్తే తెగేది ఆ చనువే. కోపం ఉండి బలం లేనప్పుడు కలిగేది ఉక్రోషం. తోటివారి ముందు అవమానం జరిగితే ముఖం చిన్నబోతుంది. కొత్తచోట బెరుకు కలుగుతుంది. జడుసుకున్న పిల్లవాడికి జ్వరం వచ్చిందని పల్లెల్లో చెప్పుకొనే మాటలో, మనసుకు తగిలిన దెబ్బ శరీరంలో కనిపిస్తుందన్న ఎరుక ఉంది.

విశేషమేమంటే ఈ పదాలు తమకు తగిన ప్రతిక్రియను కూడా సూచిస్తాయి. బెంగకు దగ్గరితనం, అలకకు బుజ్జగింపు, బెరుకుకు చనువు, జడుపుకు ధైర్యవచనం కావాలి. మొదటి వర్గం పదాలు పెద్దలకు వంచడం తప్ప వేరే పని చూపవు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను దండనకు సమర్థనగా వాడటం ఈ దృష్టికి కొనసాగింపే. మొక్కను వంచడం గురించి మాట్లాడే ఆ సామెతలో దానికి నీరు పోయవలసినవారి ప్రస్తావన లేదు.

3. చలం - ‘బిడ్డల శిక్షణ’:
గుడిపాటి వెంకటచలం (1894-1979) పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రచయిత. ‘బిడ్డల శిక్షణ’లో ఆయన కొట్టడాన్ని, భయపెట్టడాన్ని, బలవంతపు క్రమశిక్షణను ఖండించారు. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తి కారన్నది ఆయన వాదానికి మూలం. శిక్షణ అవసరమైనది ముందు పెద్దలకే అన్న భావన ఆ రచనలో ధ్వనిస్తుంది. తెలుగులో పిల్లల మనస్సును స్వతంత్రవిషయంగా నిలిపిన ముఖ్యమైన పుస్తకమిది.

దీనికి ఒక పరిమితి ఉంది. ఇందులో పిల్లల పక్షాన వాదన వినిపిస్తుంది కాని పిల్లల గొంతు తక్కువ. ఆయన సంబోధించే పాఠకులు ప్రధానంగా చదువుకున్న తల్లిదండ్రులు, పిల్లలతో గడపడానికి కొంత తీరిక ఉన్నవారు. తెల్లవారకముందే కూలికి వెళ్లే తల్లికి ఆ తీరిక ఉండదు. అటువంటి ఇళ్లలో చలం కోరిన శ్రద్ధలో కొంతభాగాన్ని బడి భరించవలసి వస్తుంది.

4. నామిని, ఖదీర్ బాబు - పిల్లవాడే కథకుడు:
నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు జిల్లా పల్లెబాల్యం తన మాండలికంలో మాట్లాడింది. ‘ఇస్కూలు పిలకాయల కథ’, ‘చదువులా? చావులా?’ వంటి రచనల్లో ఆయన పాఠశాల పిల్లలపై మోపే భారాన్ని నేరుగా విమర్శించారు. కొండాపురానికి తూర్పున ఉన్న కావలికి చెందిన ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’, ‘పోలేరమ్మ బండ కతలు’ రచనల్లో పేద ముస్లిం కుటుంబపు పిల్లవాడి లోకాన్ని నెల్లూరు మాండలికంలో చిత్రించారు.

ఈ ఇద్దరి రచనల్లో మాండలికం అలంకారం కాదు. ‘పిలకాయలు’ అన్న మాటతో బడికి వచ్చే పిల్లవాడిని మొదటిరోజే ‘పిల్లలు అనాలి’ అని అందరిముందు సరిదిద్దితే, అతనికి అందేది ప్రామాణికభాష మాత్రమే కాదు. ఇంట్లో అమ్మ మాట్లాడేది తప్పన్న సూచన కూడా దానితో పాటు అందుతుంది. చిన్నబోవడం అక్కడ మొదలవుతుంది. ప్రామాణికభాషను నేర్పవలసిందే. ఇంటిభాషను నిలబెడుతూ నేర్పడమా, కించపరుస్తూ నేర్పడమా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ భాషను సాహిత్యంలో నిలబెట్టడం ద్వారా ఈ రచయితలు ఆ పిల్లవాడి ఆత్మగౌరవాన్ని కూడా నిలబెట్టారు.

ఈ కథనాలను విద్యాసంబంధమైన సాక్ష్యంగా స్వీకరించేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది హాస్యానికి సంబంధించింది. ఇద్దరూ లేమిని, భయాన్ని నవ్వుతో చెప్పగలరు. అయితే నవ్వగలిగినవాడు ఆ బాల్యాన్ని దాటి వచ్చినవాడు. దాటలేక మధ్యలో బడి మానినవారికి కథకుడయ్యే అవకాశం రాలేదు. కాబట్టి ‘మేమూ దెబ్బలు తిని పైకొచ్చినవాళ్లమే’ అన్న వాదానికి ఈ కథలను ఆధారం చేసుకోరాదు. రెండోది, ఇవి మగపిల్లల జ్ఞాపకాలు. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటివద్ద ఉండిపోయే ఆడపిల్ల బెంగ వీటి కేంద్రం కాదు. ఆ గొంతును వేరేచోట వెతకాలి.

5. దూబగుంట పాఠం:
కొండాపురానికి పొరుగున ఉన్న కలిగిరి మండలంలోని దూబగుంట 1990ల ఆరంభంలో సారా వ్యతిరేకోద్యమానికి నాంది పలికింది. సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలో సారావల్ల చితికిన కుటుంబాన్ని చెప్పే ‘సీతమ్మ కథ’ ఆ స్త్రీలలో చర్చ రేపింది. వారి పోరాటం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా వాచకంలో చేరి ఇతర గ్రామాలకు వెళ్లింది. ఉద్యమ ఫలితంగా రాష్ట్రంలో 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది.

ఇది వయోజనవిద్య చరిత్ర. అయినా ప్రాథమిక విద్యకు దీనిలో రెండు సూచనలున్నాయి. మొదటిది, చదివేవారి దుఃఖానికి వాచకంలో చోటు దొరికితే అక్షరం ప్రాణం పోసుకుంటుంది. పిల్లల వాచకాల్లో తరచుగా కనిపించే బాలుడు వేళకు లేచి, పెద్దల మాట విని, అందరికీ సాయం చేసేవాడు. అతనికి బెంగ ఉండదు, ఉక్రోషం రాదు. రాత్రి ఇంట్లో గొడవ విని నిద్రలేకుండా బడికి వచ్చిన పిల్లవాడు ఆ పాఠంలో తనను పోల్చుకోలేడు. రెండో సూచన, పిల్లల భయం బడిలోనే పుట్టదు, బడిలోనే తీరదు. సారాపై పోరాడిన స్త్రీలు పిల్లల నిద్ర కోసం కూడా పోరాడినట్లే.

6. ముగింపు:
1. పిల్లల మానసిక క్షేమానికి అవసరమైన పదసంపద తెలుగులో ఉంది. ఉపాధ్యాయశిక్షణలో తీర్పుచెప్పే పదాలకూ స్థితిని తెలిపే పదాలకూ మధ్య భేదాన్ని బోధించడం ఆచరణసాధ్యం.
2. చలం పెద్దలను ప్రశ్నించగా, నామిని, ఖదీర్ బాబు పిల్లవాడికే మాట ఇచ్చారు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే పూర్తిచిత్రం లభిస్తుంది.
3. ప్రాథమిక వాచకాల్లో బెంగ, భయం, అలక కలిగిన బాలబాలికల పాత్రలు ఉండాలి. వారిని చివరలో దిద్దే నీతి ప్రతిపాఠానికీ అవసరం లేదు.
4. మెట్టప్రాంతపు తల్లులు, అవ్వలు పిల్లల మనఃస్థితులకు వాడే మాండలికపదాలను సేకరించడం తెలుగుశాఖలు చేపట్టదగిన పరిశోధన. ఆ పదకోశం నిఘంటుకారులకు ఎంత ఉపయోగమో, ఒకటో తరగతి ఉపాధ్యాయునికీ అంతే ఉపయోగం.